పరుపుల మావయ్య లేచిన వైనం

వీధి వీధంతా ఆయన్ని పరుపుల మావయ్య అనే పిలుస్తారు. పరుపుల కొట్లో అమ్మకాల పని. నడుం నొప్పని ఎవరొచ్చినా, "దీని మీద వారం పడుకోండి, నొప్పి ఎక్కడుండేదో మీరే మర్చిపోతారు" అంటాడు. తన నొప్పి మాత్రం ఒక్క పూట కూడా మర్చిపోనివ్వదు. "నా మాట ఊరంతా వింటుంది, ఒక్క నా నడుము తప్ప" అని చెప్పుకుని తనే నవ్వేవాడు. నవ్వినా నొప్పే, అది వేరే సంగతి.

పరుపులు అమ్మేవాడి బుర్రకి తట్టే వైద్యం ఏముంటుంది చెప్పండి? మరో పరుపు! దూది మీదికి స్పాంజి వచ్చింది, స్పాంజి మీదికి స్ప్రింగు ఎక్కింది. చివరికి పడుకోవాలంటే ముక్కాలిపీట వేసుకోవాల్సిన గతి పట్టింది. "నాకీ కొండలెక్కే పని వద్దు బాబూ" అని భార్య కింద చాప పరుచుకుని హాయిగా నిద్రపోయేది. పొద్దున్నే ఆవిడే చెయ్యి పట్టి ఆయన్ని దించేది. నొప్పి పెరిగినకొద్దీ మావయ్య పడుకోవడం పెంచాడు. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందన్న అనుమానం ఆ మహానుభావుడికి కలలో కూడా రాలేదు.

కొట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు పరుపు మీద పడుకుని చూపించాలి, టక్కున లేచి నిలబడాలి. ఒకరోజు కొత్తగా కాపురం పెట్టిన జంట ముందు పడుకున్నాడు. లేవబోతే నడుము పట్టేసింది. అటు కదలడు, ఇటు కదలడు. అరిస్తే పరువు పోతుంది. ఏం చేయాలో తోచక కళ్లు మూసుకున్నాడు.

"పాపం, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయారండీ!" అంది ఆ కొత్త పెళ్లికూతురు.

"అయితే మాకు ఇదే ఇచ్చేయండి," అన్నాడు ఆమె భర్త, కొట్టు యజమానితో.

ఇదే అంటే మావయ్య పడుకున్నదే! బండివాళ్లు వచ్చి, పరుపు ఎత్తడానికి ముందు మావయ్యని ఎత్తాల్సి వచ్చింది.

"అమ్మేవాళ్లే మంచం పడితే కొనేవాళ్లకి ఏం చెప్పమంటారండీ?" అన్నాడు యజమాని, వాళ్లు వెళ్లాక. "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే మిమ్మల్ని గోడౌన్‌లో కూర్చోబెడతాను."

గోడౌన్‌లో పలకరించడానికి ఒక్క మనిషి ఉండడు. నోటితో బతికిన మావయ్యకి అంతకంటే శిక్ష లేదు. మొదటిసారి ఆయనకి నిజంగా భయం వేసింది.

మర్నాడే వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. పరిగెత్తాడంటే మాటవరసకే, ఆటోలో వెళ్లాడు. ఏ పరుపు వాడతారని అడుగుతుందని ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ పరుపు ఊసే ఎత్తలేదు.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి," అంది.

లేవలేకపోయాడు.

"ఎముకలకేం ఢోకా లేదండీ. నొప్పి నిజమే, కానీ కండలో బలం లేదు. మీ నడుముకి పరుపు కాదు, పని కావాలి." కొన్ని వ్యాయామాలు నేర్పి, కాస్త నొప్పి ఉన్నా ఆపొద్దంది. కాళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే రమ్మంది.

"ఇన్నాళ్లూ దాన్ని కొత్తల్లుడిలా చూసుకున్నానమ్మా," అన్నాడు మావయ్య దీనంగా.

ఇంటికొచ్చి నేల మీద మోకాళ్లూ అరచేతులూ ఆనించి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపాడు. చాపీ చాపగానే పక్కకి ఒరిగి, మంచం కోడుకి తల కొట్టుకున్నాడు.

"ఏం వెతుకుతున్నారండీ మంచం కింద?" అంది భార్య.

"నా పరువు."

"దాన్ని ఆ పరుపుతో పాటే బండెక్కించారుగా. లేవండి, లేవండి."

తర్వాత నీళ్ల సీసాలు పెట్టిన సంచి వచ్చింది. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, ఎత్తి దించాలి. ఒకరోజు తేలిగ్గా అనిపించేసరికి ఒళ్లు తెలియని హుషారొచ్చి, ఇంట్లో ఉన్న సీసాలన్నీ కుక్కి ఎత్తాడు. అంతే, రెండ్రోజులు మూలుగుడే. "వస్తాదుగారు భోజనానికి లేస్తారా, అక్కడికే తెమ్మంటారా?" అంది భార్య. సిగ్గుపడి, మళ్లీ ఒక్క సీసాతో మొదలుపెట్టాడు. నెలలు గడిచాయి. సీసాలు మెల్లగా పెరిగాయి. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వచ్చి పోతూనే ఉంది. కానీ అది వచ్చిందని మావయ్య మంచమెక్కడం మానేశాడు. ఎక్కినా తనే దిగుతున్నాడు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ నడుము మీద చెయ్యి వేసుకుని కొట్లోకి వచ్చింది. గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని కన్నార్పకుండా చూస్తున్నాడు. మావయ్య పడుకున్నాడు. కలుక్కుమంది. అయినా ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి, కాళ్లు కిందికి దించి, నిలబడ్డాడు.

"దీని మీద పడుకుంటే నొప్పి పోతుందా అండీ?" అడిగిందావిడ ఆశగా.

ఏళ్ల తరబడి అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాక బయటికి రాలేదు.

"పోదమ్మా. నాకిప్పుడే వచ్చింది. హాయిగా నిద్ర పడుతుంది, అంతవరకే నా పూచీ," అని డాక్టరమ్మ గురించీ, సంచి గురించీ చెప్పాడు. ఆవిడ అన్నీ శ్రద్ధగా విని, దండం పెట్టి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది.

"షట్టర్ దించండి," అన్నాడు యజమాని.

అయిపోయింది, గోడౌన్ కూడా దక్కదనుకుంటూ మావయ్య షట్టర్ దించి వెనక్కి తిరిగాడు. యజమాని రెండు చేతులూ బల్లకి ఆనించి, పళ్లు బిగబట్టి, మూలుగుతూ లేచి నిలబడ్డాడు. ఆయన మొహమంతా చెమట.

"మొదట్లో ఎన్ని సీసాలన్నారు?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"ఒక్కటే సార్," అన్నాడు మావయ్య. "హుషారు మాత్రం వద్దు."