ఆంబ్రోస్ గడప దాటిన క్రిస్మస్

మా అన్నయ్య ఆంబ్రోస్ కీపింగ్‌ని ఊరంతా వాగుడుకాయ అనేది. చేపల పడవ దిగి రేవులో కాలు పెట్టకముందే కథ మొదలెట్టేవాడు. పెళ్ళయినా పండగైనా అన్నయ్య లేచి ఓ పాత పద్యం గడగడా చెప్పందే న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని మా పల్లె జనం ఇళ్ళకి కదిలేవారు కాదు. తుపానులో చిక్కుకున్న పడవ మీద ఒక పద్యం ఉంది, అది చెబితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత తేరుకుంది, ఎడంకాలు ఈడ్చుకుంటూ నడవగలుగుతున్నాడు, మాట మాత్రం బాగుపడలేదు. నోరు ఓ పక్కకి లాగేసి ప్రతి మాటా ముద్దగా బయటికొస్తుంది. ఆ మాట బయటివాళ్ళ చెవిన పడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు పొయ్యి పక్కన కుర్చీలో కూలబడ్డాడు. చర్చికి రాడు, రేవుకి రాడు. చూడ్డానికి ఎవరైనా వస్తే కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తాడు. నాతోనూ, మా వదిన సెలీనాతోనూ తప్ప నోరు విప్పడు. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే మనిషి మనకి దక్కడని వదిన నా దగ్గర ఏడ్చింది. నాకూ అదే భయంగా ఉండేది.

ఊళ్ళో క్రిస్మస్ చూడబోతే మరీ దండగమారి వ్యవహారం అయిపోయింది. చలి మొదలైందంటే చాలు, పట్నంలో దుకాణాల చుట్టూ ప్రదక్షిణలు. ప్రతి ఇంటి ముందూ గాలి కొట్టి నిలబెట్టిన శాంటాలు. పండగ మర్నాడు ఊరి హాలులో టిక్కెట్టు పెట్టి విందు, చెవులు చిల్లులు పడేలా పాటలు. ఆ హాలు వ్యవహారాలన్నీ వెరా రైడౌట్ చూస్తుంది. మనిషి మంచిదే, కాదనను. కానీ అన్నయ్య కనిపిస్తే చాలు, చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి మాట్లాడుతుంది.

ఈ ఏడు సెలీనా వదిన మొండికేసింది. పట్నం వెళ్ళదట, కానుకలు కొనదట, దీపాల దండలు అటక మీంచి దింపదట. కేకు తనే చేస్తుంది, బెర్రీపళ్ళ షర్బత్ ఉంది, సీసాలో రమ్ము ఉంది, అంతే పండగ. హాలుకి ఆయన రాకపోతే పండగే మా వంటింట్లోకి వస్తుంది, తలుపుకి గడియ పెట్టను, ముసుగులు రావచ్చు అని ఊరంతా చాటింది.

ముసుగులంటే మా అమ్మల కాలం ఆట. క్రిస్మస్ మర్నాటి నుంచి పొద్దుగూకాక మొహానికి లేసు పరదా కట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. మగాళ్ళు పెళ్ళాల నైటీలు వేసుకుంటారు, ఆడాళ్ళు వానకోట్లు. పొట్టకి దిండు, ఎడం బూటు కుడికాలికి, కుడి బూటు ఎడంకాలికి. గొంతు పోల్చుకోకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడాలి. ఇంటివాళ్ళు పేరు కనిపెడితే ముసుగు తీసెయ్యాలి. కనిపెట్టలేకపోతే వాళ్ళు ఓడినట్టు, అప్పుడు మనమే ముసుగు తీసి మొహం చూపించి వాళ్ళ రమ్ము తాగి రావచ్చు.

ఆ ఆట ఎప్పుడో అడుగంటింది, ఇప్పుడెవరొస్తారని వెరా కొట్టులో అందరి ముందూ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరూ రాకపోతే నేనొస్తానని అక్కడే అనేశాను. అన్నాక తప్పుతుందా? మా ఆయన జెరాల్డ్‌కి నా నైటీ తొడిగి, పక్కింటి దంపతులని కూడా బతిమాలి ఈడ్చుకెళ్ళాను.

మేం వెళ్ళేసరికి అన్నయ్య యథాప్రకారం కళ్ళు మూసుకున్నాడు. జెరాల్డ్ ఊపిరి పీలుస్తూ ఏదో కూశాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వదిన మళ్ళీ అడిగింది, జెరాల్డ్ మళ్ళీ కూశాడు, ఇంకా అధ్వాన్నంగా. పక్కింటావిడ నవ్వలేక పొట్ట పట్టుకుంది. అప్పుడు కుర్చీలోంచి ముద్దగా ఓ గొంతు వినపడింది.

"జె...రాల్డ్. నిలబడ్డం... వాడిదే."

జెరాల్డ్ చచ్చినట్టు పరదా తీశాడు. ఇక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని అన్నయ్యే పట్టుకున్నాడు. పరాయివాళ్ళ ముందు నోరు విప్పాడన్న సంగతి తనకే గుర్తు లేదు. ఆ గదిలో సరిగ్గా మాట్లాడుతున్నవాళ్ళు ఎవరున్నారు గనక? నేను ఆ రాత్రి సంతోషంతో పడుకున్నానే గాని, ఇందులో ఉన్న కిటుకు నాకు తట్టలేదు. అన్నయ్యకి తట్టింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా జెరాల్డ్, పక్కింటావిడ, నేను మళ్ళీ వేషాలేసుకుని వెళ్తే, అన్నయ్య వదిన ఫ్లానెల్ నైటీలో, పొట్ట మీద దిండుతో నా ముందు నిలబడ్డాడు. వంటింటి కిటికీకి పరదా లేదు, అది అన్నయ్య మొహం మీదికెక్కింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ కాలు ఈడ్పు చూస్తే ఊళ్ళో పసిపిల్లాడైనా గుర్తుపడతాడు. ఆ మాటే అడిగాను.

అన్నయ్య తారుమారు చేసి తొడుక్కున్న బూట్లు చూపించాడు. "అందరూ... కుంటుతారుగా," అన్నాడు.

వదిన చెంగున వెళ్ళి మా అందరి బూట్లూ తనే తారుమారు చేసింది. ముందు ఎవరింటికి అంటే అన్నయ్య వేలు వెరా ఇంటి వైపు చూపించాడు. వదిన ఇంటి దగ్గరే ఉండిపోయింది, మంచులో మేం నలుగురం నాలుగు రకాలుగా కుంటుకుంటూ వెళ్ళాం.

వెరా మమ్మల్ని చూసి కాసేపు బిగుసుకుపోయినా, గుమ్మంలోకి వచ్చిన ముసుగుని కాదనే మనిషి మా ఊళ్ళో లేదు. జెరాల్డ్‌ని పొట్ట చూసి పట్టేసింది. పక్కింటావిడని నవ్వుని బట్టి పట్టింది. నన్ను కసిరి, నేను తిరిగి కసరగానే పట్టేసింది. ఇక మిగిలింది నైటీలో లావుపాటి ఆడది. ఎవరివే నువ్వంటే, అన్నయ్య ఊపిరి పీలుస్తూ ఆ తుపాను పద్యం ఎత్తుకున్నాడు. మధ్యలో ఆగాడు, తడబడ్డాడు, మళ్ళీ అందుకున్నాడు. వెరా వాళ్ళింట్లో అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆ పద్యం ఊళ్ళో అందరికీ నోటికొచ్చినదే, కుర్చీ దిగని అన్నయ్య మాత్రం వెరా ఊహకే రాలేదు. పోస్టుమాస్టరు పెళ్ళాం అంది, ఫాదరుగారంది, ఆఖరికి తన మరిదంది. పద్యం పూర్తయ్యేసరికి చేతులెత్తేసింది.

"ఓడిపోయాను తల్లీ, మొహం చూపించు."

అన్నయ్య పరదా ఎత్తాడు. వెరా అలా చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"ఆంబ్రోస్, నువ్వా? ఇంతసేపూ చెప్పింది నువ్వా?" అంది మామూలు గొంతుతో, మెల్లిగా.

అన్నయ్య తలాడించి రమ్ము సీసా వైపు చూశాడు. గ్లాసు నిండా పోసింది మహాతల్లి. నాకైతే వెరాని గెలిచినందుకు గంతులెయ్యాలనిపించింది, అన్నయ్యని పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. అలసిపోయుంటావు, మావాడు బండిలో దింపుతాడని వెరా అంటే, అన్నయ్య తల అడ్డంగా ఊపి పరదా దించుకున్నాడు. ఇంకో ఇల్లు అన్నాడు.

పక్కనే హైన్స్ వాళ్ళిల్లు. మమ్మల్ని తోసుకుని తనే ముందెళ్ళి తలుపు కొట్టాడు. ఎవరది అని లోపల్నుంచి కేక. ఊపిరి పీల్చి ముసుగులొచ్చాయని కుయ్యాలి. అన్నయ్య ఊపిరి గట్టిగా బయటికి వదిలి, వీధంతా వినపడేలా తన గొంతుతోనే అరిచాడు.

"నేను... ఆంబ్రోస్‌ని!"

ముసుగేసుకెళ్ళి అడక్కుండానే పేరు చెప్పేసినవాడు మా ఊరు పుట్టాక మా అన్నయ్య ఒక్కడే. లోపల అందరూ ఘొల్లున నవ్వారు, తలుపు తెరుచుకుంది, అన్నయ్య కుంటుకుంటూ లోపలికెళ్ళాడు.