మామిడితోటలో నా సమాధి

నాకు తొమ్మిదేళ్ళప్పుడే నా సమాధికి సున్నం కొట్టారు. ఈ మాటంటే మా మనవరాళ్ళు "అమ్మమ్మకి మళ్ళీ మొదలైంది" అని నవ్వుతారు. మొదలవడానికేముంది, అదింకా అక్కడే ఉంది. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో, మా ఊరి మామిడితోటల చివర, మా అమ్మ సమాధి పక్కనే నాదీ ఉంది. అమ్మది నిజం, నాది అబద్ధం. ఆ అబద్ధాన్ని నిలబెట్టినవాళ్ళు ఇద్దరూ మహా దైవభక్తులు. నేను నిజంగా పోయేలోపు ఆ సంగతి చెప్పకపోతే నాకు తోచదు.

మా ఊళ్ళో క్రైస్తవుల పేటలు రెండు. కాలవకి ఇటు మాది, మునక బాప్తిస్మం వాళ్ళం. అటు రోమను వాళ్ళు. రెండు పేటలవాళ్ళూ జమీందారు దొరగారి తోటల్లోనే కూలికి పోయేవాళ్ళు, ఒకే చెట్టు కింద అన్నం మూటలు విప్పుకునేవాళ్ళు. దేవుడి మాటొస్తే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. మా నాన్న మా సంఘానికి పెద్ద. ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం రోమను మతమేనని ఆదివారం తప్పకుండా చెప్పేవాడు. అవతలి పేటలో గుడీ, గుడి పుస్తకాలూ చూసుకునే ఉపదేశి మా అమ్మకి సొంత అన్న, నాకు మేనమామ. మెళ్ళో జపమాల లేకుండా ఆయన గడప దాటడు. మునక వాళ్ళకి మోక్షం లేదని ఆయనా అంతే గట్టిగా చెప్పేవాడు. మా అమ్మ ఆ ఇంట్లోంచి వచ్చేసి, చెరువులో మునిగి, నాన్నని చేసుకుంది. అప్పటినుంచీ బావా బావమరుదులకి మాటల్లేవు.

ఒక్క అమ్మమ్మే కాలవ దాటి వచ్చేది. నేను నలభై రోజుల పిల్లనప్పుడు, కాస్త ఎండ చూపించి తెస్తానని ఎత్తుకెళ్ళి, రోమను గుళ్ళో నాకు జ్ఞానస్నానం చేయించింది. ఒక పునీతురాలి పేరు పెట్టించి గుడి పుస్తకంలో రాయించింది. తెలిసి నాన్న ఒంటికాలి మీద లేచాడట. పసిబిడ్డ నెత్తిన నీళ్ళు పోస్తే అది తలంటి గానీ బాప్తిస్మం కాదన్నాడు, ఆ పేరు తన ఇంట్లో వినపడితే ఊరుకోనన్నాడు. అందుకని ఇంట్లో నాకు ఆయన పెట్టిన పేరే. రెండో పేరుతో నన్ను పిలిచే మనిషి లోకంలో అమ్మమ్మ ఒక్కతే. తోటలో ఏ మూలనున్నా ఆవిడ పిలిస్తే "ఆఁ" అని పలికి పరిగెత్తేదాన్ని. కొంగు ముడి విప్పి మామిడితాండ్ర ముక్క చేతిలో పెట్టేది.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పురిట్లో పోయింది. తోట చివర మా రెండు పేటల శ్మశానాలూ పక్కపక్కనే ఉండేవి, మధ్యలో బ్రహ్మజెముడు కంచె. అటు రోమను వాళ్ళ సమాధుల మీద సిలువలు, పేర్లు, ఆత్మల పండుగకి కొవ్వొత్తులు. ఇటు మావైపు ఏమీ ఉండేది కాదు. చనిపోయినవాళ్ళకి గుర్తులు పెట్టడం విగ్రహారాధన అని నాన్న మట్టి చదును చేయించేవాడు. అమ్మకీ అదే చేశాడు. ఒక వానాకాలం గడిచేసరికి అమ్మ ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. నేను తలవైపు ఒక గాజుపెంకు గుచ్చాను. దేవుడికి కోపమొస్తుందేమోనని భయపడుతూనే గుచ్చాను.

తెల్లదొరలు వెళ్ళిపోయాక జమీలు పోతాయని పుకారు పుట్టింది. తోటలున్నవాళ్ళంతా హద్దులు కొలిపించుకోవడం మొదలుపెట్టారు. మావైపు శ్మశానం కూడా తన తోటలోదేనని దొరగారు అన్నాడు. "సమాధులేవి? చూపించండి" అన్నాడు. సిలువలున్న వైపు జోలికి రానన్నాడు. మావైపు మాత్రం కొత్త మొక్కలకి గోతులు తీయిస్తానన్నాడు. అంటే అమ్మ మీద పలుగు పడుతుంది. నాకు అన్నం సయించలేదు. కళ్ళు మూసినా గోతిలో అమ్మ జుట్టే, తెరిచినా అదే.

అప్పుడే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. దొరగారి కొడుకు నిలబడ్డాడు. అతని మీద మామయ్య నిలబడ్డాడు గానీ రోమను పేట ఓట్లొక్కటే చాలవు. ఇద్దరు పెద్దలకీ ఇంకో భయం కూడా ఉంది. ఎర్రజెండా వాళ్ళు వచ్చి, శ్మశానం సంగతి మేం చూస్తాం, మా జెండా పట్టండని రెండు పేటల కుర్రాళ్ళనీ లాగుతున్నారు. దేవుడే లేడనేవాళ్ళకి పిల్లల్ని అప్పజెప్పడం కంటే, దేవుణ్ణి తప్పుగా కొలిచేవాడితో పొత్తు నయమని నాన్నా మామయ్యా ఎవరికి వాళ్ళే అనుకున్నారు.

ఒకరి గుళ్ళోకి ఒకరు రారు కాబట్టి శ్మశానంలోనే కలిశారు, కంచెకి అటొకరు ఇటొకరు. నీళ్ళ ముంత పట్టుకుని నేనూ ఉన్నాను. ముందు ప్రార్థన చెయ్యాలి కదా, ఎవరిది చెయ్యాలన్న దగ్గర ఆగిపోయారు. చివరికి ఎవరి మనసులో వాళ్ళు చేసుకున్నారు. మామయ్య సిలువ గుర్తు వేసుకుంటుంటే నాన్న తల తిప్పుకున్నాడు.

"హద్దులు కొలిచే ఇన్‌స్పెక్టరుగారిని అడిగొచ్చా," అన్నాడు మామయ్య. "ఆయనకి కాగితం కావాలంట. మీకు చావుల పుస్తకం లేదాయె. మా పుస్తకంలో చెల్లెలి పేరుంది, అది పుట్టింది మా గుడి కిందేగా. దాని పక్కన, పోయింది, మీవైపు పూడ్చారని రాస్తా. కానీ ఒక్క సమాధి చాలదంటాడు. ఒక్కటుంటే ఎవరో దొంగచాటుగా పాతారంటారంట, రెండుంటే శ్మశానమని రాస్తాడంట."

"మీ పుస్తకంలో పేరుండి, మావైపు చేరినోళ్ళు ఇంకెవరున్నారు?" అన్నాడు నాన్న.

"చచ్చినోళ్ళెవరూ లేరు."

నాన్న నా వంక చూశాడు. నేను తాగడానికేమోననుకుని ముంత అందించబోయాను.

"నెత్తిన నీళ్ళు చల్లితే మనిషి అయిపోదు బావగారూ. ఆ పేరుతో మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు. లేని మనిషిని పాతిపెడితే అబద్ధమెట్టా అవుద్ది?"

"నీకు లేదేమో, నాకుంది. ఆ ముద్ర ఒకసారి పడితే చెరగదయ్యా. బతికున్న ఆత్మని చచ్చిందని రాయమంటావా నన్ను?"

"మరి నీ చెల్లెలి మీద చెట్టు నాటితే చూస్తా ఉంటావా?"

మామయ్య జపమాల పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. ఆఖరికి, తనంతట తాను రాయనన్నాడు. ఆ స్నానానికి జ్ఞానతల్లిగా నిలబడింది అమ్మమ్మ కాబట్టి, ఆవిడ బైబిలు మీద చెయ్యేసి చెబితే, ఆవిడ చెప్పిందని రాస్తానన్నాడు. నాన్న సరేనన్నాడు. బదులుగా మా పేట ఓట్లన్నీ మామయ్యకి. చూశారా పెద్దమనుషుల తెలివి! ఇద్దరి సిద్ధాంతాలూ చెక్కుచెదరలేదు, పాపం మాత్రం తీసుకెళ్ళి ముసలిదాని కొంగున కట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న కాయలు కోసే గెడ పట్టుకొచ్చాడు. "ఇట్టా నిలబడమ్మా," అని నా పక్కన నిలబెట్టి, నా తల దగ్గర కొడవలితో గాటు పెట్టాడు. అబద్ధపు సమాధికి కూడా కొలత అబద్ధం కాకూడదని ఆయన పట్టుదల. అమ్మ ఎక్కడుందో నన్నే అడిగి, నేను చూపించిన గాజుపెంకుని బట్టి అమ్మకొక దిబ్బ పోసి, పక్కనే గెడ మీది ఆ గాటు కొలతకి ఇంకో దిబ్బ పోశాడు. రెండిటికీ సున్నం కొట్టాడు. నాది ఇంకా తడిగా ఉండగా నేను చూశాను. మామయ్య పంపిన చిన్న కొయ్య సిలువ మీద నల్ల రంగుతో ఆ పేరు రాసి ఉంది. అక్షరాల్లో నా పేరు నేను చూసుకోవడం అదే మొదటిసారి.

ఎవరైనా అడిగితే, మేం కవలలమనీ, రెండోది జ్వరంతో పోయిందనీ చెప్పాలన్నారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజు నన్ను ఇల్లు కదలొద్దన్నారు. నేను ఊరుకుంటానా? వాళ్ళకంటే ముందే వెళ్ళి, సమాధుల మీదికి వంగిన చెట్టెక్కి కూర్చున్నాను. అమ్మ ఉంటుందో పోతుందో నా కళ్ళతో చూడాలి.

పూత కాలం. మిట్టమధ్యాహ్నం. ఆ తోటల్లో ఆ వేళకి ఆకు కదలదు, పిట్ట అరవదు, ఒక్క తేనెటీగల రొదే. కొమ్మల మీంచి కారే తేనెబంక నా అరిచేతులకీ పాదాలకీ అంటుకుంది. కింద ఇన్‌స్పెక్టరుగారు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. దొరగారి గుమాస్తా ఉన్నాడు, మామయ్య పుస్తకం తెరిచి పట్టుకున్నాడు, నాన్న తల వంచుకున్నాడు. అమ్మమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి, కూతురు పోయిందని చెప్పింది.

"ఈ రెండోది ఎవరిది?"

"మనవరాలిదండీ. జ్వరంతో పోయిందండీ."

"పేరేంటి?"

అమ్మమ్మ గొంతెత్తి ఆ పేరు చెప్పింది.

ఆ గొంతు ఆ పేరు పలికితే బదులు పలకడం నాకు పుట్టినప్పటినుంచీ అలవాటు. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి "ఆఁ" అని వచ్చేసింది.

ఆ నిశ్శబ్దంలో అది తోటంతా వినపడింది. ఇన్‌స్పెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు. అందరూ తలలెత్తి కొమ్మల్లోకి చూశారు. ఆకుల గుబురులో నేను ఊపిరి బిగబట్టుకున్నాను. తల ఎత్తనిది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ ఆ చిన్న దిబ్బనే చూస్తూ నిలబడింది. ఇన్‌స్పెక్టరుగారు ఇంకే ప్రశ్నా వెయ్యలేదు. శ్మశానమని రాసేసి, గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. అమ్మ నిలిచింది.

ఆ తర్వాత వారమే మా పేట మగాళ్ళు జపమాల వేసుకున్న మనిషికి ఓటని చేతులెత్తారు. మామయ్య గెలిచాడు. ఏడాది తిరిగేసరికి శ్మశానం వాకిట్లో సిలువ పెట్టాలా వద్దా అని పోట్లాడుకుని ఇద్దరూ మళ్ళీ మాటలు మానేశారు. అంతే, వాళ్ళ పొత్తు అక్కడికి సరి. నా సమాధి మాత్రం ఉండిపోయింది.

తోటలో దెయ్యం పలికిందని ఊరంతా పాకింది. రోమను పేట పిల్లలు నన్ను చూస్తే పారిపోయేవాళ్ళు. ఆత్మల పండుగకి ఆడవాళ్ళు కంచె దాటొచ్చి నా దిబ్బ మీద కొవ్వొత్తి వెలిగించి, నా పేరు చెప్పి నా ఆత్మకి శాంతి కలగాలని ఏడ్చేవాళ్ళు. చెట్టు చాటున నిలబడి వినేదాన్ని. వినగా వినగా నాకూ అనుమానం వచ్చేది, ఆ లోపలున్నది ఎవరా అని. ఒకసారి దిబ్బ పక్కన పడుకుని చూసుకున్నాను. నా పాదాలు దాన్ని దాటి జానెడు బయటికొచ్చాయి. అది పెరగలేదు, నేను పెరిగాను. ఏడుపొచ్చింది.

అన్నిటికంటే దారుణం అమ్మమ్మది. ఆ రోజు నుంచీ ఆవిడ నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఏ పేరుతోనూ పిలవలేదు. ఎదురుపడితే "అమ్మాయ్, పక్కకి జరుగు" అనేది, పరాయి పిల్లతో అన్నట్టు. కానీ మధ్యాహ్నం పూట తోట చివర్నుంచి ఆ పేరు పిలుస్తూ ఒక గొంతు వినిపించేది. పిలిచిన వెంటనే పలకొద్దు, మూడుసార్లు పిలిస్తేనే పలకాలని కూలివాళ్ళు చెప్పేవాళ్ళు. ఒకరోజు గుండె చిక్కబట్టుకుని అటు వెళ్ళాను. అమ్మమ్మ నా సమాధి ముందు కూర్చుని, "తిను తల్లీ, ఎండలో తిరక్కు" అంటూ దిబ్బ మీద తాండ్ర ముక్క పెడుతోంది. నా ప్రాణం ఉసూరుమంది. ఒట్టేసిన మాట ఆవిడే నమ్మేసింది, నన్ను చచ్చినదానికింద జమకట్టేసింది అనుకున్నాను. ఆవిడ వెళ్ళాక ఆ తాండ్ర తినేశాను. సమాధి మీద పెట్టింది తినకూడదంటారు. నాదేగా! అలా ఏళ్ళ తరబడి నా సమాధి మీది తిండి నేనే దొంగతనంగా తిన్నాను. చచ్చిన మనవరాలు తింటోందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

నాకు పెళ్ళయిన మూడో ఏడు, అమ్మమ్మకి బాగా లేదని కబురొస్తే వెళ్ళాను. మామయ్య ఇంటినిండా ఆడవాళ్ళు జపమాల చెబుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. నేను గడపలోనే నిలబడిపోయాను. దగ్గరికెళితే "అమ్మాయ్, ఎవరు నువ్వు" అంటుందేమోనని భయం.

ఉన్నట్టుండి అమ్మమ్మ ఆ పేరు పిలిచింది.

జపం ఆగిపోయింది. "మనవరాలు తీసుకుపోడానికి వచ్చిందమ్మా," అని ఎవరో గుసగుసగా అన్నారు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది.

"ఆఁ," అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. నవ్వింది.

"ఎంతసేపు కూర్చుంటావే ఆ చెట్టు మీద? దిగు తల్లీ, ఇంక ఫర్లేదు. మెల్లిగా దిగు, తేనెబంకకి కాలు జారుద్ది."

కొంగు వంక వేలు చూపించింది. ముడి విప్పితే తాండ్ర ముక్క ఉంది, ఎన్నాళ్ళదో, ఎండి రాయిలా అయింది. అందరూ చూస్తుండగా అక్కడే కూర్చుని తిన్నాను.