ఖాసింబీ పొడిచేతులు

మొన్న చర్ల నుంచి భద్రాచలం వస్తుంటే బస్సులో ఎవరి సంచిలోనో సీసా మూత ఊడి ఇప్పనూనె కారింది. ఆ రోడ్డు సంగతి తెలిసిందే, గట్టిగా బిగించిన మూతైనా ఊడాల్సిందే. నూనె సీట్ల కిందుగా పారుకుంటూ డ్రైవర్ దాకా పోయింది. కండక్టర్ గొంతు పెంచాడు, ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఇప్పనూనె వాసన మంచిదని నేను కూడా చెప్పను. చేదుగా, మడ్డిగా, మూటలో మగ్గిన పల్లీల్లా ఉంటుంది. అయినా బస్సులో కిటికీ తెరవనిదాన్ని నేనొక్కదాన్నే. పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది. నాకు మాత్రం ఖాసింబీ వచ్చి పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

ఖాసింబీ గాజులమ్మే మనిషి. నేను ఈరోజు గాజుల కొట్టు నడుపుతున్నానంటే ఆమె నేర్పిన పనే. అప్పట్లో మేం ఇల్లందు దగ్గర బొగ్గుబావుల కాలనీలో ఉండేవాళ్ళం. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు అన్నీ. ఖాసింబీ వాళ్ళది మాత్రం ఆ ఊళ్ళో పాతకాపురం, తాతల నాటి నుంచి గాజుల వ్యాపారమే. తాళ్ళకు గుత్తులుగా గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని వీధి మొదట్లో ఆమె నిలబడితే చాలు, ఆ చప్పుడుకే ఆడవాళ్ళు పొయ్యి మీది కూర వదిలేసి వచ్చేవాళ్ళు. పిల్లలందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో పిన్ని అని. చెయ్యి పట్టుకుని సైజు చెప్పేది. చెయ్యి పట్టుకునే నీకు నిద్ర తక్కువైందనో, బట్టలు ఎక్కువ ఉతికావనో కూడా చెప్పేది. అందులో సగం మనిషి ముఖం చూసి చెప్పేదని నాకు తర్వాత తెలిసింది. పోనీ, ముఖం చూసేవాళ్ళు మాత్రం ఎంతమంది ఉంటారు!

నాకు ఇరవై ఏళ్ళు రాకముందే నాన్న జబ్బు చేసి పోయాడు. ఆయన బదులు అమ్మకు బావి దగ్గర క్యాంటీన్‌లో పని దొరికింది. పొద్దున్నుంచి సోడా నీళ్ళలో గుండిగలు తోమే పని. కొన్ని నెలలకే అమ్మ చేతులు బీటలు వారాయి. మెత్తగా అన్నం కలపడం కూడా ఆమెకు కష్టమైపోయింది, కారం తగిలితే ప్రాణం పోయేది. అది ఎవరికీ చెప్పేది కాదు. ఎవరైనా ఇంటికొస్తే చేతులు కొంగులో దాచుకుని కూర్చునేది. ఆ ఏడాది శ్రావణంలో ఖాలా వీధిలోకి వచ్చినప్పుడు మా ఇల్లు దాటిపోతుందనే అనుకున్నాం. భర్త పోయిన ఆడదాని గడపలో గాజులావిడకు పనేముంటుంది? కానీ ఆమె నేరుగా వచ్చి, మలారం గోడకు ఆనించి, అమ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. అమ్మ లేచి లోపలికి వెళ్ళబోయింది.

“గాజులు తొడగనీకి రాలే రాజమ్మా,” అంది ఖాలా. “చెయ్యి సూడనీకొచ్చిన. గాజులు తీస్తే చేతులు గూడ తీసినట్టేనా?”

అమ్మ చెయ్యి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. ఇచ్చాక ఏడ్చింది. నాన్న పోయిన తర్వాత అమ్మ ఏడుస్తుంటే చూడడం నాకదే మొదటిసారి.

ఆరోజు నుంచి ఖాలా వైద్యం మొదలైంది. వైద్యమని అంటే ఆమె ఒప్పుకునేది కాదు, చేతులు కడుక్కోవడం నేర్పుతున్నానంతే అనేది. సబ్బు మాన్పించి శనగపిండి పెట్టింది. వేడినీళ్ళు కూడదంది, గోరువెచ్చని నీళ్ళు, అవీ బియ్యం కడిగినవైతే మరీ మంచిదంది. కడిగాక చేతులు పూర్తిగా తుడవనిచ్చేది కాదు. తడి ఉండగానే ఇప్పనూనె నాలుగు చుక్కలు రాసి, మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా నెమ్మదిగా తీసేది. ఆ నూనె చర్ల వైపు కోయగూడేల్లో గింజలు ఆడించి తీసింది. గాజులమ్మడానికి అటు వెళ్ళినప్పుడు తెచ్చుకునేది. చలికాలంలో అది పేరుకుపోతే సీసాను ఎండలో పెట్టేది. లోతుగా పగిలినచోట అదే నూనెలో కాస్త తేనెమైనం కరిగించి పూసి, పాత నూలుగుడ్డ చుట్టి పడుకోమనేది. మధ్యలో అమ్మ క్యాంటీన్‌లో ఎవరో చెప్పారని పగిలిన చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని ఇల్లంతా గంతులేసింది. నిమ్మకాయ పప్పులో పిండుకొమ్మని, చేతుల మీద కాదని ఖాలా తిట్టిన తిట్లు వాడంతా విన్నది. వానాకాలం పోయేసరికి అమ్మ అన్నం కలిపి నా నోట్లో పెట్టింది. అంత వయసొచ్చిన ఆడపిల్లకు ముద్దలేంటని నేను అనలేదు.

ఇన్ని చేతులను బాగుచేసిన మనిషి తన చేతులను ఏనాడూ పట్టించుకోలేదు. దానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఆమె పని. గాజు తొడిగేటప్పుడు గిరాకీ చేతికే నూనెగానీ సబ్బుగానీ రాస్తారు. తొడిగేవాళ్ళ చేతులు ఎప్పుడూ పొడిగా ఉండాలి, తడి ఉంటే గాజు వేళ్ళలో నిలవదు. అందుకని ఖాలా ప్రతి గిరాకీకీ ముందు పొయ్యిబూడిదలో వేళ్ళు అద్దుకునేది. మలారానికి ఒక పక్క నూనెసీసా వేలాడుతుంటే ఇంకో పక్క బూడిద మూట వేలాడేది. వాళ్ళమ్మ అలా చేసింది, అమ్మమ్మ అలా చేసింది, ఆమె కూడా అలాగే చేసింది. అలా ఎన్నేళ్ళు చేసిందో, వేళ్ళు ఎండుకట్టెలైపోయాయి. గెణుపులు లావెక్కి వంగడం మానేశాయి. చర్మం ఎంత మొద్దుబారిందంటే వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. ఇది నాకు గానీ, అమ్మకు గానీ కనబడలేదు. మా చేతులు ఆమె చేతుల్లో ఉన్నప్పుడు మేం మా చేతుల్నే చూసుకున్నాం.

ఆ మరుసటి ఏడాది తల్లాడ దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళికూతురికి గాజులు తొడగడానికి ఆమెను పిలిచారు. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ ఆమే తొడిగింది, తల్లికీ ఆమే తొడిగింది. చుట్టాలంతా చుట్టూ కూర్చుని ఉండగా, వేళ్ళకు స్పర్శ తెలియక ఎక్కువ నొక్కిందో తక్కువ నొక్కిందో, పచ్చగాజులు గుత్తికి గుత్తి పిల్ల చేతి మీదే పగిలిపోయాయి. బొటనవేలి దగ్గర తెగి రక్తం కారింది. పెళ్ళికూతురి చేతిమీద గాజు పగలడం కన్నా అపశకునం ఇంకొకటి లేదని నమ్మే ఇల్లు అది. టీ ఇచ్చి, వేరే గాజులమ్మాయి కోసం మనిషిని పంపారట. ఆమె ఆ టీ తాగకుండా బస్సెక్కి నేరుగా మా ఇంటికి వచ్చి, మలారం గుమ్మంలోనే వదిలి, ఎవరికైనా అమ్మేయమని నాకు చెప్పింది. ఇంట్లో కొడుకు వెల్డింగ్ షాపు బాగానే నడుస్తోంది, తిండికి లోటు లేదు. ఆమెకు పోతున్నది తిండి కాదు. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు కోరి చెయ్యి చాపే మనిషిగా బతికింది, ఇకపై ఆమెను చూస్తే చెయ్యి వెనక్కి తీసుకునే రోజు వచ్చింది. “ఇంట్ల కూసుంటే తిండి తింట బిడ్డా,” అంది నాతో. “గానీ ఎవరి చెయ్యి పట్టుకోవాలె?”

అమ్మ లోపలికి వెళ్ళి నీళ్ళు గోరువెచ్చగా కాచి, అందులో వావిలాకు వేసి మరిగించిన కషాయం కలిపి, వెడల్పు గిన్నెలో పోసి తెచ్చింది. ఖాలా ముందు పెట్టి చెయ్యి ఇమ్మంది. ఆమె వద్దంది. నూనె తగిలితే వేళ్ళలో పట్టు పోతుందని, ఇన్నేళ్ళలో ఎవరికి రాసినా తన చేతిమీద నూనె నిలవనివ్వలేదని, అలవాటు తప్పదని ఏవేవో చెప్పింది. మలారం అమ్మేయమని చెప్పిన నోటితోనే పట్టు పోతుందని భయపడుతోంది. అమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

“నువ్వు గుంజుకొని పట్టలేదా నా చెయ్యి?” అంది అమ్మ. “ఇయ్యాల నేను పట్టుకుంట. ఇయ్యక్కా.”

అలా తారుమారైంది మా ఇంటి వ్యవహారం. రోజూ సాయంత్రం ఖాలా మా ఇంటికే వచ్చేది. డ్యూటీ దిగి వచ్చాక అమ్మ ముందు చేసే పని ఖాలా చేతులు నీళ్ళలో నానబెట్టడం. తర్వాత తడిమీదే నూనె రాసి ఒక్కో వేలినీ విడిగా పట్టుకుని వంచి తీసేది. ఆమె అబ్బా అంటే ఆగేది, మళ్ళీ పట్టేది. జొన్నరొట్టెల పిండి పిసకడం ఖాలా వంతు చేశాం. మొదట్లో ముద్ద సరిగ్గా అయ్యేది కాదు, ఆ రొట్టెలు తినడానికి నాకూ ఓపిక ఉండాల్సి వచ్చేది. ఆమె కొడుకు దవాఖానాకు కూడా తీసుకెళ్ళాడు. డాక్టర్ మాత్రలిచ్చి, వేళ్ళకు పని చెప్తూ ఉండమన్నాడు. అది మేం చెప్తూనే ఉన్నాం. ముడతలు పోలేదు, గెణుపుల లావు తగ్గలేదు. ముసలి చేతులు పడుచు చేతులు కావు, ఎవరేం చెప్పినా నమ్మొద్దు. కానీ పగుళ్ళు మూసుకున్నాయి. చలి దిగివచ్చేనాటికి ఒకరోజు టీగ్లాసు పట్టుకుని, కాలుతోందని దింపేసింది. కాలినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక గాజు తొడిగి చూడాలి. ఎవరికి? తల్లాడ మాట కాలనీకి పాకిపోయింది. ఎవరూ చెయ్యి ఇవ్వరు, ఆమె అడగదు. నేను నా చెయ్యి చాపాను. పెళ్ళి కావాల్సిన పిల్లవి, నీ చేతి మీద పగలకూడదని నా చెయ్యి నెట్టేసింది. చాలా రోజులు మలారం గోడకే ఉంది. ఒక ఆదివారం అమ్మ వచ్చి ఖాలా ఎదురుగా కూర్చుని కొంగు పైకి దోపుకుని తన చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టింది.

“నా చేతి మీద నేర్చుకో. పలిగినా నాకు ఇగ పోయేదేముంది?”

తన బతుకులో పోయినదాన్ని అమ్మ ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది, అదీ ఇంకొకరికి పనికొస్తుందని చెప్పింది. ఆరోజు తొడిగినవన్నీ పగిలాయి. ఇల్లూడ్చేది నేనే కదా, చీపురుకు గాజుపెంకులు తప్ప ఇంకేం తగల్లేదు. తర్వాతి ఆదివారమూ పగిలాయి. అమ్మ చెయ్యి కదిలించేది కాదు. కూరగాయల ధరలు, క్యాంటీన్ సంగతులు చెప్తూ కూర్చునేది, అక్కడేమీ జరగనట్టు. తెగినచోట ఖాలా మైనం పూసేది, అమ్మ మళ్ళీ చెయ్యి పెట్టేది. ఒక ఆదివారం ఖాలా బూడిద ముట్టుకోవడం మర్చిపోయింది. నూనెచేతులతోనే అమ్మ బొటనవేలు లోపలికి మడిచి, గెణుపుల దగ్గర ఆగి, వేలితో తడిమి తడిమి దారి చూసుకుని తొడిగింది. ఒక ఎర్రగాజు ఎక్కడా తగలకుండా మణికట్టు మీదికి దిగింది.

ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఖాలా తేరుకుని, తీసేద్దామని సబ్బు కోసం చెయ్యి చాచింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఉండనియ్యి,” అంది.

మర్నాడు ఆ ఎర్రగాజుతోనే డ్యూటీకి వెళ్ళింది. కాలనీ ఊరుకుంటుందా! చాటుగా అన్నవాళ్ళున్నారు, ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. అమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఖాసింబక్క తొడిగిందని మాత్రం చెప్పేది. వినగా వినగా జనానికి ఆ మాటలో రెండోది వినబడింది, అంటే ఖాసింబీ మళ్ళీ గాజులు తొడుగుతోందన్నమాట అని. ఆ ఉగాదికి ముందే మా వీధిలో ఒకామె తన చెయ్యి చాపింది. ఆ వేసవిలో మలారం నా భుజానికెక్కింది. ఖాలా నా పక్కన నడిచేది. లోపలి ఊళ్ళ నుంచి బోనకల్ దాకా తిరిగాం. కష్టమైన చేతులు ఆమె తొడిగేది, సులువైనవి నాకు వదిలేది. ఇంకా చాలా ఏళ్ళే తిరిగింది.

ఇప్పుడు అమ్మా, ఖాలా ఇద్దరూ లేరు. నాకూ గెణుపులు లావెక్కుతున్నాయి. కొట్టు తీయగానే నేను చేసే మొదటి పని నా చేతులకు నూనె రాసుకోవడం. వేళ్ళ కొసలు మాత్రం గుడ్డతో తుడుచుకుంటాను. గాజుల పనివాళ్ళు నన్ను చూసి నవ్వుతారు, గిరాకీ ఆగాల్సి వస్తుంది. తొందరున్నవాళ్ళు పక్క కొట్టుకు వెళ్తారు, వెళ్ళనీ. ఆగినవాళ్ళు ఊరికే ఆగరు, నేను రాసుకోవడం చూసి కొందరు తమ చేతులు కూడా చాపుతారు. బొగ్గు పొడి ఇంకిన చేతులు, తునికాకు కోసి నల్లబడ్డ చేతులు, మిరపకాయ ఏరి మండుతున్న చేతులు. అందులో గాజులు వేసుకోవడానికి వచ్చినవెన్నో, కూతురికి తోడుగా వచ్చి వెనక నిలబడ్డవెన్నో నేను లెక్కపెట్టను. చాపిన చెయ్యి పట్టుకోవడం నాకు వచ్చు.