మీటింగులో మూగబోయిన నోటిని దేవుడు తెరిచిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘంలో ఈ సుగుణను ఎరగనివాళ్ళు ఉండరు, ఒకవేళ ఎవరైనా ఉంటే పక్కవాళ్ళని అడగండి, "ఆ అగ్రికో కాలనీ ఆవిడా, బాబోయ్!" అని చెబుతారు. అలాంటి నేను పోయిన ఎండాకాలమంతా ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఒక్క మనిషితో వాదన పెట్టుకోకుండా గడిపానంటే నా బతుకు ఎంత చీకట్లో ఉందో మీరే ఊహించుకోండి! మనవాళ్ళు చాలామంది సంతోషించారు కూడాను, "సుగుణక్కలో మార్పు వచ్చింది, ఎంత సాత్వికం" అని స్తోత్రాలు చెప్పారు. మార్పు కాదండీ అది. భయం! ఆ భయంలోంచి దేవుడు నన్ను చెయ్యిపట్టి లాగిన సంగతి ఈ పత్రికలో రాయకపోతే నేను కృతజ్ఞత లేనిదాన్ని అవుతాను.

నేను ఇక్కడే టాటానగర్‌లో, బిష్టుపూర్‌లోని ఒక కాంట్రాక్టు సంస్థలో ప్రాజెక్టు మేనేజరుని. కర్మాగారంలో యంత్రాలు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజుల్లో ఏ పని ముందు, ఏ పని వెనక, క్రేను ఎవరికి ఎప్పుడు, ఏ ముఠా ఏ మెట్టు మీద నిలబడాలి, ఇవన్నీ కూర్చడం నా పని, మీటింగులో ఎవరేమన్నారో రాయడం, సాయంత్రానికల్లా రిపోర్టు పంపడం నా పని. నా రిపోర్టులు చదివి పైవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు, నాకూ కాస్త గొప్పగానే ఉండేది, ఎందుకుండకూడదు? కష్టపడి నేర్చుకున్న విద్య అది.

అప్పుడొచ్చిందండీ ఆ ఏఐ! మీటింగు బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెడితే చాలు, అందరి మాటలూ వింటుంది, టీ వచ్చేలోపే ఎవరేం ఒప్పుకున్నారో శుభ్రంగా రాసి చూపిస్తుంది, చేయవలసిన పనులు చెబితే షెడ్యూలు కట్టిస్తుంది, నేను రెండు రోజులు కూర్చుని చేసేది అది నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు చేసేస్తుంది! నేను ఊరుకుంటానా, దాని రాతలో తప్పులు వెతికాను. దొరకలేదు. అదే నా ఏడుపు! పైగా దానికి ఎంత మర్యాదో, ఇంకా తొందరగా అయిపోవాలి అంటే తప్పకుండా అంటుంది, నేనైతే కుదరదు అని మొహం మీదే చెబుతాను. మా పెద్దాయన మిశ్రాగారు ఆ మర్యాదకి మురిసిపోయి ఒకరోజు నాతో, "మేడం, ఈ షట్‌డౌన్ కానివ్వండి, ప్లానింగుకి వేరే మనిషి కావాలో వద్దో తర్వాత చూద్దాం" అని చిరునవ్వుతో చెప్పారు. తిట్టినా బాగుండేది!

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మమ్మీ, యే సబ్ తో అబ్ ఏఐ కర్ లేతా హై" అంది, ఇవన్నీ ఇప్పుడు ఏఐ చేసేస్తుంది కదా అని! దానిది తప్పు కాదు, ఉన్నమాటే అంది. కానీ ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు, బీపీ మాత్ర రెట్టింపైంది, టాటానగర్ స్టేషనులో పనిచేసే మా ఆయన వేళ తప్పి ఇంటికొచ్చినా నేను ఏమీ అనకపోతే ఆయనే కంగారుపడి, "ఏటే, ఒంట్లో బాగోలేదేటే? ఓ మాట తిట్టు, నాకు భయమేత్తంది" అన్నాడు. మీటింగుల్లో నేను నోరెత్తడం మానేశాను. ఏమి మాట్లాడినా అది రాసేస్తుంది, దాని పక్కన నా మాట ఎంత మొరటుగా కనబడుతుందో అని సిగ్గు! సహోదరులారా, సిగ్గు అనేది నా దగ్గరికి రావడం అదే మొదలు.

షట్‌డౌన్ దగ్గరపడింది. చివరి మీటింగులో ముడిసరుకు మోసుకెళ్ళే పెద్ద కన్వేయరు గ్యాలరీకి బరువైన దూలం ఎత్తి బిగించే పని గురించి అడిగితే క్రేనువాళ్ళు, వెల్డర్లు, ఎత్తు మీద పనిచేసే మన తెలుగువాడే అయిన అప్పన్న ముఠా, అందరూ "హో జాయేగా సర్", అయిపోతుంది సర్, అన్నారు. తెర మీద అందరి పేర్ల పక్కనా ఒప్పుకున్నారు అని వచ్చేసింది. మిశ్రాగారు చప్పట్లు కొట్టారు. నేను కిందకి దిగి, మిట్టమధ్యాహ్నం స్కూటర్ల షెడ్డులో నా బండి మీద కూర్చుని, ఏడుపు ఎవరికీ కనబడకూడదని హెల్మెట్ పెట్టుకుని అందులోనే గట్టిగా ప్రార్థించాను: "ప్రభువా, నాకు వచ్చిన విద్య ఇదొక్కటే, దాన్ని తీసుకెళ్ళి ఆ పెట్టెకిచ్చావు, సరే, నీ ఇష్టం. మరి నన్నెందుకు ఇంకా ఇక్కడ కూర్చోబెట్టావు? దేనికి పనికొస్తానో చెప్పు. చెప్పేదాకా ఈ బండి కదలదు!"

ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదండీ, నేను అబద్ధం చెప్పను. ఒక్క ప్రశ్న మాత్రం మనసులోకి వచ్చింది, ఎవరో పక్కనుంచి అడిగినట్టే వచ్చింది: ఇవాళ అక్కడ ఒక్కరూ ఎందుకు దెబ్బలాడుకోలేదు? ఆలోచించండి! షట్‌డౌన్ మీటింగంటే క్రేను నాకు ముందంటే నాకు ముందని బల్లలు గుద్దుకుంటారు, నేను అందరినీ కసురుతాను, ఆ కసురులో ఒక్కొక్కడి కడుపులో ఉన్నది బయటికొస్తుంది. ఇవాళ అంతా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారేమిటి? హెల్మెట్ తీసేసి గేటు దగ్గర టీ కొట్టుకి పరుగెత్తాను. అప్పన్న అక్కడే ఉన్నాడు. సోంపేట వైపు మనిషి, ఆయన ముఠా అంతా ఒకే ఊరివాళ్ళు.

"ఏం అప్పన్నా, మీటింగులో అంత బుద్ధిమంతుడివైపోయావు? మూగనోము పట్టావా?" అన్నాను.

"ఏటి సెప్పమంటారమ్మా? ఆ పెట్టె మన మాటలన్నీ ఇంతంది కదా. కుదరదంటే నా పేరెట్టి రాసేత్తాది, రేపు మిశ్రా సాబు ఆ కాయితం సూపించి నా ముఠాని పీకేత్తాడు."

"అయితే కుదరదా?"

"ఎలా కుదురుద్దమ్మా? సరిగ్గా ఆ రోజులకే మా ఊర్లో అమ్మోరి పండగ. ఏడాదికోసారి వచ్చీదా ఏటి, ఎన్నో ఏళ్ళకోసారి పెద్దోళ్ళు కూకుని పెడతారు. కుర్రోలందరూ ఎల్లిపోతారు, నేనాపితే ఆగుతారేటి?"

"మరి దూలం ఎవడెత్తుతాడు, నీ మేనమామా?"

"బజారులో దొరికినోలని ఎక్కించేద్దునమ్మా, ఏటి సేత్తాం" అని తల దించుకుని, మళ్ళీ తలెత్తి అన్నాడు చూడండీ, "అయినా మమ్మల్ననీసినారు గానీ, మీరు మాత్తరం నోరెత్తినారేటి? మీరు కసురుతారు, అప్పుడు సెప్పుదునే అని సూసినాను. మీరే బొమ్మలా కూకున్నారు!"

సహోదరులారా, నా ప్రార్థనకి జవాబు అదే! గ్లాసులో టీ అలాగే వదిలేసి మెట్లెక్కాను. ఎత్తు మీద ఎప్పుడూ నిలబడని మనుషుల్ని ఆ దూలం కింద పెట్టడమంటే ఏమిటో మీకు తెలుసు, ఈ ఊళ్ళో ఆ భయం తెలియని ఇల్లు లేదు. మిశ్రాగారితో చెబితే, "అందరూ ఒప్పుకున్నారు మేడం, తెర మీద ఉంది కదా" అన్నారు. "తెర మీద ఉన్నది వాళ్ళ భయం సార్. ఆ లాప్‌టాప్ మూసేసి మళ్ళీ అందర్నీ పిలవండి, అప్పుడూ ఒప్పుకుంటే నేను ఇవాళే రాజీనామా రాసిచ్చి పోతాను" అన్నాను. ఎన్ని వారాల తర్వాత నా గొంతు నాకే వినబడిందో! ఆయన బిత్తరపోయి మూసేశారు.

మూసిన లాప్‌టాప్ చుట్టూ ఆ సాయంత్రం జరిగిన రభస చూడాలి మీరు! అప్పన్న పండగ సంగతి చెప్పాడు, క్రేనువాడు తన పెద్ద క్రేను ఇంకా వేరే చోట నుంచి విడుదల కాలేదన్నాడు, వెల్డర్లు ఆ క్రేనువాణ్ణి నానా మాటలన్నారు, నేను అందర్నీ అన్నాను! నిజాలన్నీ బల్ల మీద పడ్డాక లాప్‌టాప్ నేనే తెరిచాను, దూలం పని పండగ తర్వాతికి, మిగతా పనులు ముందుకి జరపమని దానికి నేనే చెప్పాను, అది కిమ్మనకుండా కొత్త షెడ్యూలు కట్టిచ్చింది. అప్పన్న కుర్రాళ్ళు పండగ చేసుకుని వచ్చి, అలవాటైన చేతులతో దూలం ఎత్తి బిగించారు. ఒక్కరి ఒంటి మీదా గీత పడలేదు. దేవునికే మహిమ!

షట్‌డౌన్ అయ్యాక మిశ్రాగారు పిలిచారు. మొహం అదోలా పెట్టి, "ఇకమీదట ముందు మీరు వాళ్ళతో దెబ్బలాడుకోండి మేడం, అయ్యాక నేను లాప్‌టాప్ తెరుస్తాను. మీ సీటు ఎక్కడికీ పోదు" అన్నారు. రిపోర్టులూ, మీటింగు మాటలు రాసే మినిట్సూ మాత్రం నా దగ్గర నుంచి పూర్తిగా పోయాయి. పోనివ్వండి! నా విద్యలో ఆ భాగానికి ఇక విలువ లేదు, ఉందని నన్ను నేను మభ్యపెట్టుకోను. మనుషుల చేత నిజం చెప్పించే భాగానికి విలువ పెరిగింది, దాన్ని నేను ఏనాడూ విద్య అనుకోనైనా లేదు. ఎంత తేలికైపోయిందో నా ఒళ్ళు!

మన సహోదరుల్లో కొందరు ఆ ఏఐ సాతాను పని అంటున్నారు. నేను ఒప్పుకోను, అది చేతివేగం ఉన్న గుమాస్తా, అంతే. ఇంకొందరు, నమ్మితే ఏ ఉద్యోగమూ పోదు అని ప్రకటిస్తున్నారు, దాన్నీ ఒప్పుకోను, ఎవరి సీటు ఉంటుందో ఎవరిది పోతుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, మనం భయంతో నోరు కట్టేసుకున్నప్పుడు దాన్ని విప్పే దేవుడున్నాడు, మొరటుగా అడిగినా నొచ్చుకోని దేవుడున్నాడు, ఆయన్ని నమ్మండి! లెక్కలు రాసేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, టైపు కొట్టేవాళ్ళు, మీలో ఎవరికి గుండె జారిపోతోందో వాళ్ళు ఈ బుధవారం ఉపవాస ప్రార్థనకి వచ్చి నా పక్కన చాప మీద కూర్చోండి. ఎలా ఉన్నారని అడుగుతాను. "అంతా దేవుని దయ, బాగున్నామక్కా" అని మాత్రం నాతో అనకండి. రెండోసారి అడుగుతాను, మూడోసారీ అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పేదాకా ప్రార్థన మొదలుపెట్టను. ఆమేన్!