నాయనమ్మ రోడ్డు దాటిన చలికాలం

కీమో ఎక్కించే గదిలో నా పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ వికారం మొదలవగానే చేతిసంచిలోంచి పచ్చి నిమ్మకాయ తీసి, గోటితో తొక్క గిల్లి వాసన చూస్తుంది. పోయినసారి ఆ వాసన స్పిరిట్ వాసనను దాటుకుని నా దాకా వచ్చింది. కళ్లు మూసుకున్నాను. నా చేతికి తగిలించిన సూది, పైన వేలాడుతున్న మందు సంచి, గోడ మీది టీవీ అన్నీ ఎటో పోయి, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా కిరాయి ఇల్లు, ఆ ఇంట్లో అమ్మ దిండు పక్కన ఎప్పుడూ ఉండే నిమ్మచెక్క గుర్తుకొచ్చాయి. అప్పుడు నాకు పదేళ్లు. ఇవాళ నాకు వచ్చిన జబ్బే అప్పుడు అమ్మకు వచ్చింది.

ఆ ఇల్లు బంగ్లా పెంకుల ఇల్లు. ఒకే వాకిట్లో నాలుగైదు కుటుంబాలు, అందరికీ కలిపి మధ్యలో ఒక చేతిపంపు. రైలు వచ్చిందంటే వంటగదిలో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. గల్లీ మూల ఇరానీ హోటల్లో పొద్దున్నే పాలు మరిగే వాసన, వానాకాలం వెళ్తుండగా బండ్ల మీద కుప్పపోసిన సీతాఫలాల తీపి వాసన, స్టేషన్ నుంచి గాలికి కొట్టుకొచ్చే ఇనుము, డీజిల్ వాసన కలిసిపోయి, అదే మా నాంపల్లి వాసన అయ్యేది. నాయిన అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. నల్లగొండ పల్లె నుంచి మాతో వచ్చిన నాయనమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ పలకరించేది కానీ, గల్లీ దాటి ఎన్నడూ బయటికి పోయేది కాదు. బస్సులు, ఆటోలు ఆగకుండా పరుగెత్తే ఆ మెయిన్ రోడ్డంటే ఆమెకు భయం.

అమ్మకు ఆపరేషన్ అయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు నా ముందు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అమ్మకు అది నచ్చలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్పింది.

"రొమ్ముల గడ్డయింది బిడ్డా, తీసేసిన్రు. ఇగ మందు ఎక్కిస్తరు. జుట్టు రాలిపోతదట. నువ్వు సూసి బెదరొద్దు, మల్ల వస్తది."

నేను ఏడవలేదు. ఎవరూ చెప్పని సంగతి నాకొక్కదానికే చెప్పినట్టు అనిపించి, ఏదో పెద్దదాన్నయిపోయాను.

మొదటిసారి మందు ఎక్కించుకుని వచ్చాక అమ్మ మంచం దిగలేదు. నోట్లో తుప్పు నాకినట్టుందని అన్నం తోసేసింది. చూడవచ్చిన చుట్టాలందరూ కదలొద్దనే చెప్పారు. అందరికంటే గట్టిగా చెప్పింది నాయనమ్మ. బాలింతను చూసుకున్నట్టు అమ్మను చూసుకుంటూ, మంచినీళ్ల చెంబు కూడా అందుకోనిచ్చేది కాదు. కానీ దవాఖానలో డాక్టరమ్మ వేరేగా చెప్పింది. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రావాలని, మంది గుమిగూడిన చోటికి పోవద్దని, మిగతా రోజుల్లో మాత్రం ఓపికున్నంత మేర నడవాలని, పడుకునే కొద్దీ నీరసం పెరుగుతుందని. ఆ మాట అమ్మ మనసులో నాటుకుంది.

మొదట చేతిపంపు చుట్టూ నడిచింది. తర్వాత గల్లీ చివరిదాకా. బడి వదలగానే సంచి ఇంట్లో పడేసి నేను ఆమె వేలు పట్టుకునేదాన్ని. నేస్తురాళ్లు తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుని పిలుస్తుంటే కాళ్లు అటు లాగేవి. అమ్మ అది గమనించి, "పో, ఒక ఆట ఆడి రా, నేను గీ అరుగు మీద కూసుంట," అనేది. వట్టి చేతులతో కూర్చోవడం ఆమెకు చేతకాదు. వేళ్లకు తిమ్మిరెక్కి సూది జారిపోతున్నా, నాతో దారం ఎక్కించుకుని, ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఉండేది.

బతుకమ్మ నాటికి జుట్టంతా రాలిపోయింది. ఎప్పటిలాగే తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలను గల్లీ మధ్యలో పెట్టి, ఆడవాళ్లు కొత్త చీరల గరగరలతో చుట్టూ తిరుగుతుంటే, అమ్మ తలకు గుడ్డ కట్టుకుని మా గడపలోనే స్టూలు వేసుకుని కూర్చుంది. ప్రతి ఏడూ పాట ఎత్తుకునేది ఆమే. ఆ రోజు వేరొకావిడ ఎత్తుకుని సగంలో చరణం మరిచిపోయింది. చప్పట్లు తడబడ్డాయి. గడపలోంచి అమ్మ గొంతు ఆ చరణాన్ని అందుకుంది. నోటి పుండ్ల వల్ల మాట ముద్దముద్దగా వచ్చినా రాగం తప్పలేదు. తిరుగుతున్న వాళ్లు ఒక్కొక్కరే మా గడప వైపు ముఖం తిప్పి, ఆమె పాడినదాన్నే అందుకున్నారు. పాటలయ్యాక పంచుకున్న నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దల రుచి ఆమెకు తెలియలేదు. అయినా నమిలి మింగింది.

దీపావళి దాటేసరికి మేమిద్దరం మెయిన్ రోడ్డు దాటి గన్‌ఫౌండ్రీ దాకా పోయి వస్తున్నాం. అప్పుడే అమ్మకు జ్వరం వచ్చింది. తెల్లకణాలు తగ్గాయని దవాఖానలో ఉంచుకున్నారు. ఇంటికొచ్చాక కూడా రక్తకణాలు సరిపోలేదని తర్వాతి మందు వాయిదా వేశారు. అంతవరకు లోపల బిగబట్టుకున్నదేదో ఆ వాయిదాతో తెగిపోయినట్టుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చెప్పులు తెచ్చి మంచం ముందు పెడితే, "ఎంత నడిస్తె ఏమాయె బిడ్డా," అంది. నాయిన బతిమాలాడు. అమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

బడి లేని ఒక పొద్దున నాయనమ్మ తలకు నూనె రాసుకుని, దండెం మీది నేత చీర కట్టుకుని వచ్చి అమ్మ మంచం పక్కన నిలబడింది.

"సుగుణా, లే. గా పెద్ద పోస్టాఫీసు సూద్దాం."

"నువ్వేంది అత్తమ్మా, గల్లీ దాటనిదానివి."

"అందుకే అంటున్న. పట్నమొచ్చి ఇన్నేండ్లాయె, నా కొడుకు పనిజేసే దుకాణం గూడ సూడకపోతి. నాకు రోడ్డు దాటుడు రాదు. నువ్వే తీస్కపోవాలె."

"నాకే కాళ్లల్ల బలం లేదు."

"నాకు కండ్లు సక్కగ ఆనవు. ఇద్దరం గలిస్తె ఒక మనిషైతం. లే."

అమ్మ ఇటు తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. అప్పటిదాకా మంచం దిగొద్దన్న మనిషి నాయనమ్మే. తర్వాత మెల్లగా లేచి, తలగుడ్డ కట్టుకుని, చీర కొంగు ముక్కుకు అడ్డంగా చుట్టుకుంది.

మెయిన్ రోడ్డు దగ్గరికి రాగానే నాయనమ్మ నిజంగానే వణికిపోయింది. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోతే అమ్మ మోచేతిని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. అప్పుడు అమ్మ నడుము నిలబెట్టడం నేను చూశాను. ఒక చేత్తో నాయనమ్మను, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని, వచ్చే బండ్ల వైపు చేయెత్తి, "జర ఆగున్రి," అంటూ నడిపించుకుపోయింది. అవతలి ఒడ్డుకు చేరాక ముగ్గురం ఒక దుకాణం మెట్ల మీద కూలబడి రొప్పాం. నాయనమ్మ, "ఇగో, దాటినం," అని నవ్వితే, అమ్మ కూడా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని చాన్నాళ్లయింది. ఆ రోజు పోస్టాఫీసు దాకా పోలేకపోయాం. అక్కడి నుంచే వెనక్కి వచ్చాం.

తర్వాత రోజూ ముగ్గురమయ్యాం. అమ్మ ఓపిక తగ్గినప్పుడు నాయనమ్మ మోకాలు నొప్పని కూర్చునేది. నిజంగా నొప్పో కాదో నాకు తెలియదు, అమ్మ అడగలేదు. వాయిదా పడిన మందు ఎక్కింది, దాని తర్వాతవీ ఎక్కాయి. నాకు బడి లేని రోజుల్లో, అబిడ్స్‌లో షట్టర్లు ఎత్తే వేళకు, నీళ్లు చల్లిన ఫుట్‌పాత్‌ల మీదుగా పెద్ద పోస్టాఫీసు దాకా పోయి, నాయిన దుకాణం గాజు తలుపులోంచి లోపలికి చూసి వచ్చేవాళ్లం. మొదటిసారి నాయిన బయటికి వచ్చి ముగ్గురినీ చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి పోయాడు.

చలి ముదిరి, ఎగ్జిబిషన్ మైదానంలో ఏటేటా జరిగే నుమాయిష్ దుకాణాలు కట్టడం మొదలైంది. జనం ఇంకా రాని ఆ పొద్దుల్లో, మేకుల చప్పుళ్ల మధ్య, చిత్రిక పట్టిన చెక్కల మీదా కొత్త రంగుల మీదా ఎండ పడుతుండగా ఆ సందులన్నీ మావే. నుమాయిష్ ఇక ముగుస్తుందనగా అమ్మ ఆఖరి మందు అయిపోయింది, రక్తకణాలు నిలదొక్కుకున్నాయన్నారు. డాక్టరమ్మను అడిగి, జనం పల్చగా ఉండే వేళ చూసుకుని పోయాం. పిల్లల రైలు ఎక్కడానికి నాయనమ్మ నాకంటే తొందరపడింది. మైదానం చుట్టూ ఆ రైలు తిరుగుతుంటే, అమ్మ తలగుడ్డ కింద, మెడ మీద మెత్తగా మొలుస్తున్న కొత్త వెంట్రుకలు కనిపించాయి. వేలితో తాకాను. కోడిపిల్ల ఒంటి మీది నూగులా ఉన్నాయి.

అమ్మ బతికింది. నేను కాలేజీలో చేరాక నాయనమ్మ వయసు మీద పడి పోయింది.

మొన్న కీమో నీరసం కాస్త తగ్గాక అమ్మా నేనూ నాంపల్లి వెళ్లాం. మా వాకిలి ఉన్న చోట లాడ్జి లేచింది. చేతిపంపు ఎక్కడుండేదో ఇద్దరం చెరోచోటు చూపించాం. ఇరానీ హోటల్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. స్టేషన్ ముందు ఆకాశానికి అడ్డంగా మెట్రో వంతెన. నాయిన పనిచేసిన దుకాణం పేరు అడిగితే ఎవరికీ తెలియలేదు.

అబిడ్స్ వైపు కొంత దూరం నడిచాక అమ్మ బస్టాపు బల్ల మీద కూర్చుండిపోయింది. ఆమెకు డెబ్బై దగ్గరపడుతోంది.

"నాతోని కాదు బిడ్డా. నువ్వు గా పెద్ద పోస్టాఫీసు దాకా పోయి రా. నేను ఈడ్నే ఉంట."

"ఒక్కదాన్నే పోవాల్నా?"

"ఔ. పో."

మాస్కు సరిచేసుకుని నడిచాను. కాస్త దూరం పోయాక తిరిగి చూస్తే, జనంలో అమ్మ కనిపించలేదు. పిక్కలు లాగుతున్నాయి. మూసి ఉన్న ఒక షట్టరు పక్కన నిలబడి, ఊపిరి కుదుటపడేదాకా ఆగాను. తర్వాత మళ్లీ అబిడ్స్ వైపే నడిచాను.