ముఖం చుట్టూ ఎర్ర గీత

ఒక మధ్యాహ్నం వనపర్తిలోని మా ఆఫీసు గదికి ఒకావిడ వచ్చారు. యాభై ఏళ్లకు దగ్గరగా ఉంటారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి, కూర్చోకుండానే తన ఫోను నా టేబుల్ మీద పెట్టారు. తెరమీద ఒక పాత సినిమా పాటలోని ఫొటో ఉంది. హీరో వెనక వరుసలో ఉన్న డాన్సర్లలో ఒకమ్మాయి ముఖం చుట్టూ ఎవరో ఎర్ర గీత గీశారు.

"ఇది నేనే సార్. ఈ గీత తీసెయ్యుండ్రి," అన్నారు.

కూర్చోమన్నాను.

"కూసునేటందుకు రాలేదు. గద్వాల్ నుంచి వచ్చిన. మళ్ల పోయి షాపు తెర్వాలె. పిల్లలొస్తరు." మళ్లీ తనే, "వస్తరో, రారో," అన్నారు.

ఆమెకు గద్వాలలో ఒక టైలరింగ్ షాపు ఉంది. పగలు జాకెట్లు కుడతారు, సాయంత్రం ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఇటిక్యాల వైపు నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. తండ్రులు ఆమెను నమ్మి పంపేవారు. ఆ నమ్మకమే ఇప్పుడు పోతోంది. దానికి కారణం మా వెబ్‌సైటు.

నేను నాగర్‌కర్నూల్‌లో విలేకరిగా మొదలై, జిల్లా పేజీ చూసే డెస్కులో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. తెలిసినాయన ఒకరు హైదరాబాద్‌లో ఉండి సినిమా వార్తల వెబ్‌సైటు నడుపుతున్నారు. వనపర్తిలో ఆయనకు సొంత మడిగ, అంటే దుకాణం గది ఉంది. దాని పై గదిలో కంప్యూటర్ పెట్టించి నన్ను కూర్చోమన్నారు. వచ్చిన వార్తలు దిద్దడం, చర్చావేదికలో బూతులు, కొట్లాటలు లేకుండా చూడడం నా పని. రోజూ బిజినేపల్లి మీదుగా బస్సులో వచ్చి వెళ్తాను.

వార్తలు దిద్దడం నాకు అలవాటైన పనే. చర్చావేదిక మాత్రం కొత్త. అక్కడ ఎవరూ సొంత పేరుతో ఉండరు. పుణెలో సెంట్రింగ్ పని చేసేవాడు, పొలం దగ్గర కరెంటు కోసం కాచుకుని కూర్చున్న రైతు, బ్యాంకు ఉద్యోగి, అందరూ ఒకే చోట ఒకే సినిమా గురించి తిట్టుకుంటారు. మొదట్లో చికాకు పడ్డాను. తరువాత సెలవు రోజున కూడా ఫోన్లో చూడకుండా ఉండలేకపోయాను.

ఆ వేదికలో ఒక ఆట ఉంది. ఆదివారం ఎవరో ఒకరు పాత పాటలోంచి ఒక ఫొటో తీసి, గుంపులో ఒక ముఖం చుట్టూ గీత గీసి పెడతారు. ఆ మనిషి ఎవరో మిగతావాళ్లు చెప్పాలి. హీరోలను, విలన్లను ఎవరైనా గుర్తుపడతారు కాబట్టి, తెరమీద పేరు పడనివాళ్లనే వెతుకుతారు. దొరికిన మనిషి మన వైపు వారైతే ఇక సంబరమే.

ఈ ఫొటో చూడగానే గుర్తుపట్టింది పాన్‌గల్ దగ్గర ఒక రైతు. వయసులో ఉన్నప్పుడు పనికోసం హైదరాబాద్ పోయి, షూటింగుల్లో లైట్లు మోశాడట. వెనక వరుసలో డాన్సు ఎగిరే ఆ అమ్మాయి పాలమూరు మాట మాట్లాడితే విని గుర్తు పెట్టుకున్నాడు. ఏళ్ల తరువాత బిడ్డకు జాకెట్ కుట్టించడానికి గద్వాల వెళ్తే మిషను దగ్గర ఆమే కనిపించిందట. మొగమాటపడి పలకరించకుండా వచ్చేశాడు. ఆ పలకరింపును ఇప్పుడు వేదికలో రాశాడు. "ఈ అక్క మన గద్వాల బిడ్డ" అని మొదలుపెట్టి షాపు పేరు, గల్లీ, గుర్తులు అన్నీ చెప్పి, "ఆ దిక్కు పోతే ఒకసారి పోయి దండం పెట్టి రాండ్రి" అని ముగించాడు.

పోయారు. ముందు పోయినవాళ్లు నిజంగానే దండం పెట్టారు. శాలువా కప్పి ఫొటో దిగారు, ఆ ఫొటోలూ వేదికలో పెట్టారు. తరువాత వచ్చినవాళ్లు షాపు ఎదురుగా బండ్లు ఆపుకుని ఫోన్లో ఆ పాట పెట్టడం మొదలుపెట్టారు.

"నేను సినిమాలల్ల ఎగిరిన సార్. దాస్తలేను," అన్నారు ఆమె. "ఇంటాయనకు ఎరుకే, అత్తకు ఎరుకే. కష్టం చేసుకొని బతికిన. కానీ షాపు పేరు ఎందుకు రాయాలె? మొన్న ఒకాయన బిడ్డను తోలుకపోనీకి వచ్చి, నీ దగ్గర కుట్టుడు నేర్చుకోవాల్నా, ఎగురుడు నేర్చుకోవాల్నా అన్నడు. పిల్లల ముందట్నే."

పత్రికలో అయితే ఒక మనిషి గురించి రాసేముందు ఆ మనిషిని అడిగేవాళ్లం. ఇక్కడ అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గౌరవిస్తున్నామనే అనుకున్నారు.

షాపు పేరున్న ఆ రాత అప్పుడే తీసేశాను. కానీ కింద జవాబిచ్చినవాళ్లు దాన్ని మళ్లీ ఎత్తి రాసి ఉన్నారు. ఒక్కొక్కటే తీస్తూ పోయాను. ఫొటోతో మొదలైన ఆ చర్చను మొత్తంగా తీసే వీలు నాకు లేదు. అది హైదరాబాద్‌లో ఉన్న యజమాని చేతిలో ఉంది. ఫోన్ చేస్తే, "శుక్రవారం రెండు సినిమాలు రిలీజ్ ఉన్నయి సార్, ఇప్పుడు సైటును కదిలిస్తే పరేషాన్. శనివారం చూద్దాం," అన్నారు.

పాన్‌గల్ రైతు వేదికలో చేరినప్పుడు ఇచ్చిన నంబరుకు కూడా ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మంచికే రాసిన సార్. పోయి కాళ్లు మొక్కి వస్త."

"పోకు. పోయినోళ్లు సాలు."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు."

ఊరుకోలేకపోయాడు. ఆ చర్చ కిందే రాశాడు: "అక్కకు తక్లీఫ్ అయితుంది. తప్పు నాదే. క్షమించు అక్కా." అది చూసి ఇంకొకరు క్షమించమన్నారు. శాలువా కప్పినవాళ్లూ, పుణె నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఒకరు, ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు కూడా క్షమాపణలు రాశారు. మా వేదికలో కొత్త జవాబు పడ్డ ప్రతిసారీ ఆ చర్చ అన్నిటికన్నా పైకి వస్తుంది. జవాబులు ఎక్కువైతే దానంతటదే వెబ్‌సైటు మొదటి పేజీకి ఎక్కుతుంది. గురువారం నాటికి, రేపు రిలీజయ్యే సినిమాల వార్తల పక్కన, ఎర్ర గీతతో సహా ఆమె ముఖం ఉంది. ఎవరో "ఈ టాపిక్‌ను పైకి లేపకండి, ప్లీజ్" అని రాశారు. దాంతో అది మళ్లీ పైకి లేచింది.

శనివారం దాకా నాకు అదే పని. క్షమాపణ పడగానే తీసేసేవాణ్ణి, అయినా ఒకసారి పైకెక్కిన చర్చ కిందికి దిగేది కాదు. బస్సులో తీశాను. దవాఖానలో బీపీ చూపించుకునే వరుసలో నిలబడి తీశాను. నర్సు నా బీపీ చూసి, "ఫోన్ జర లోపల పెట్టు తాతా," అంది.

శనివారం యజమాని మాట నిలబెట్టుకున్నారు. చర్చ మొత్తం పోయింది. ఆమెకు ఫోన్ చేసి చెప్తే, "నా ఫోన్ల ఇంకా కనవడ్తనే ఉంది," అన్నారు. ఆమె నా మాట నమ్మలేదు. నేనే గద్వాల బస్సెక్కాను.

షాపులో ఆమె ఒక్కరే ఉన్నారు. నేర్చుకునేవాళ్ల మిషన్లకు పాత చీర ముక్కలు కప్పి ఉన్నాయి. నన్ను చూడగానే రోడ్డు వైపు చూశారు, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఫోను తీసి చూపించారు. అది మా పేజీ కాదు. ఎవరో మా చర్చలోంచి ఫొటో, షాపు పేరు తీసుకుని, పాట జోడించి వీడియో చేశారు. కింద వందలకొద్దీ మాటలు. వాటిని తీసే అధికారం నాకు లేదని చెప్పాను.

"మీరు తీసేసిండ్రు గద. మరి వీళ్లకు ఎవరు చెప్పాలె?"

"రాస్తనమ్మా వాళ్లకు."

"బోర్డు మార్చమంటుండు మా ఆయన. పేరు మారిస్తే పాత గిరాకి వస్తదా?" అంటూ కత్తెర తీసుకుని గుడ్డ మీద వంగారు.

వీడియో పెట్టినవాళ్లకు మా వెబ్‌సైటు తరఫున ఇప్పటికి చాలాసార్లు రాశాం. వాళ్లెవరో, ఎక్కడి వాళ్లో తెలియదు, జవాబు లేదు. వీడియో ఇంకా ఉంది. గద్వాలలో ఆమె జాకెట్లు కుడుతున్నారు. సాయంత్రం క్లాసుకు పిల్లలెవరూ తిరిగి రాలేదు.