కాటా గదిలో మొరాయించిన కంప్యూటరు

లారీలు తూచే కాటా పక్కన, పెద్ద కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని చీటీలు కొట్టిచ్చే ఆవిడను డ్రైవర్లందరూ కాటా అక్క అనేవారు. అసలు పేరు ఓనరుకైనా గుర్తుందో లేదో అనుమానమే. అంతకుముందు ఆవిడ ఒక సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మేది. హాలు మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది గానీ, గొంతు మాత్రం అక్కడిదే వెంట తెచ్చుకుంది. "లైన్లో రండి! తోసుకోకండి!" అని కిటికీలోంచి ఒక్క కేక వేసిందంటే ఇసుక లారీ ఇంజను కూడా కాస్త గొంతు తగ్గించినట్టుండేది.

ఆ గదిలో ఆవిడకన్నా సీనియరు ఒకటుంది. అది కంప్యూటరు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఆవిడ వచ్చేసరికే గారపట్టిన పళ్ల రంగుకు తిరిగింది. లారీ ఎక్కగానే బరువు దాని తెరమీద పడాలి, పక్కనున్న ప్రింటరు కరకరమంటూ చీటీ కక్కాలి. అది లేకపోతే కాటా ఉత్త ఇనప పలక.

పొద్దున్నే దాన్ని లేపడం బద్ధకస్తుడైన మొగుణ్ణి లేపడంలాంటిదే. బటన్ నొక్కాలి, ఎడం డొక్కలో ఓ చరుపు చరచాలి, తర్వాత దాని మానాన దాన్ని వదిలేయాలి. తీరిగ్గా లేచి, ఇవాళ తారీఖెంత అని అడిగేది. దాని లెక్కలో ఎప్పుడూ అది పుట్టిన ఏడాదే నడుస్తూ ఉండేది. ఆవిడ ఓపిగ్గా అసలు తారీఖు కొట్టేది. ఒకసారి ఒక డ్రైవరు ఆ ఏడాది చూసి, "అక్కా, అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. మార్చకు, అక్కడే ఉంచెయ్" అని బతిమాలాడు.

ఓనరుతో చెబితే "చూద్దాంలేమ్మా" అనేవాడు. కారే పైకప్పు గురించీ ఆయన అదే మాట అన్నాడు. ఆవిడ కూడా గట్టిగా పట్టుపట్టేది కాదు. అవతలి రోడ్డులో కొత్త కాటా వెలిసిందనీ, అక్కడ కార్డు చూపిస్తే చీటీ దానంతటదే వస్తుందనీ, కిటికీలో మనిషే లేదనీ విన్నప్పటినుంచీ ఆవిడకు ఆ ముసలి డబ్బా మీద అభిమానం మరీ ఎక్కువైంది.

ఒకరోజు పొద్దున అది లేవలేదు. బటన్ నొక్కితే తెర నల్లగానే ఉండి, లోపలినుంచి మాత్రం కీ... కీ... అని ఆగకుండా మూలుగు. చరిచింది, బుజ్జగించింది, తిట్టింది. మూలుగు ఆగలేదు. బయట లారీలు గేటు దాటి మలుపుదాకా బారులు తీరాయి.

కంప్యూటరు మెకానిక్కుకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఎక్కడున్నావు?"

"దార్లో ఉన్నానక్కా."

"ఏ దార్లో?"

"మీ దార్లోనే."

వెనక ప్రెషర్ కుక్కరు కూత స్పష్టంగా వినబడింది.

ఈలోగా డ్రైవర్లు ఒక్కొక్కరే గదిలోకి జొరబడ్డారు. ఒకడు సెల్ఫ్ పోయిందన్నాడు. ఇంకొకడు ఎర్త్ అందడం లేదన్నాడు. మూడోవాడు, "నలుగురం పట్టి తోస్తే స్టార్టవదా?" అని నిజంగానే అడిగాడు. అందరికన్నా పెద్దవాడు, బుగ్గలదాకా మీసాలున్నాయన, చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"చెల్లెమ్మా, దీని మూత ఎప్పుడైనా తీశావా?"

"ఓనరు గారు తీయొద్దన్నారన్నయ్యా. ముట్టుకుంటే పాడైపోతుందట."

"ఇప్పుడు బాగుందా మరి?"

ఆవిడ కుర్చీ పక్కకు జరిపింది. ప్లగ్గు పీకి, లారీలోంచి తెప్పించిన స్క్రూడ్రైవరు అందుకుంది. చూస్తున్నవాళ్లు ఇంతమంది ఉన్నారని మొహం గంభీరంగా పెట్టుకుంది.

మూత తీయగానే అందరూ ఒక్కడుగు వెనక్కేశారు. లోపల పరుపు కుట్టుకోవడానికి సరిపడా దుమ్ము. ఓ మూలన కందిరీగ కట్టుకున్న మట్టి గూడు, ఎవరూ లేని ఇల్లు. ఆవిడ కొంగు నడుముకు బిగించి, రంగులేసే బ్రష్షుతో మెల్లగా ఊడ్చింది. దుమ్ము లేచి అందరూ తుమ్మారు. మీసాలాయనైతే ఆపకుండా తుమ్మాడు.

ఏళ్ల కిందట ఒకసారి మెకానిక్కు వచ్చినప్పుడు ఓ పొడుగాటి పచ్చ రేకులాంటిది బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్దడం ఆవిడకు గుర్తుంది. ఆ పచ్చ రేకు కనబడింది. సొరుగులోని పెన్సిలు రబ్బరుతో రుద్దితే నలుపంతా రాలి ఇత్తడి రంగు బయటపడింది. మళ్లీ గాడిలో పెట్టి అదిమితే టక్కుమంది. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది. ఈసారి కీ అని ఒక్కటే కూత. తెర వెలిగింది!

గదిలో ఈలలు. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. తారీఖు కొట్టి, సేవ్ చేసి, మళ్లీ మొదలవగానే అది అంతా మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చింది. డిస్కు ఎక్కడుందో కూడా తెలియదంటోంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

మళ్లీ ఫోన్. "అక్కా, గుండ్రటి బ్యాటరీ ఒకటుంటుంది చూడు, కోటు గుండీ అంత. దాని ప్రాణం పోయింది. కొత్తది నా జేబులోనే ఉంది. దార్లో ఉన్నా."

"నేను చెప్పలా బ్యాటరీ డౌనని!" అన్నాడు సెల్ఫ్ పోయిందన్న డ్రైవరు. అతనేం చెప్పాడో అందరికీ గుర్తుంది గానీ ఎవరూ కాదనలేదు.

సరిగ్గా అప్పుడే హారన్ కొట్టుకుంటూ ఓనరు కారొచ్చి కాటాకు అడ్డంగా ఆగింది. ఆయన దిగి, రిమోట్ తాళాన్ని కారు వైపు చూపించి కుయ్యిమనిపించి, లోపలికొచ్చి, పొట్ట తెరుచుకుని పడున్న కంప్యూటరును చూశాడు.

"ఎవరు తీశారు?"

"నేనే సార్" అంది ఆవిడ. గొంతు సినిమా హాల్లోలాగే పలికింది. "మూలుగు ఆగింది. బ్యాటరీ ఒకటి కావాలి. ఇంతది."

మీసాలాయన చూపు ఓనరు చేతిలోని తాళం మీద పడింది. తర్వాత అందరి చూపులూ అక్కడే పడ్డాయి. ఓనరు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"అది కారుదయ్యా!"

"బయట ఇరవై లారీలున్నాయి సార్. అవతలి కాటాకు పోతామంటున్నారు" అంది ఆవిడ.

అవతలి కాటా పేరెత్తగానే ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. తాళం విప్పితే అచ్చం అలాంటి బ్యాటరీయే. దాన్ని పెట్టి, ఊపిరి బిగబట్టి, చెప్పాల్సినవన్నీ చెప్పి సేవ్ చేసింది. ఈసారి అది మర్చిపోలేదు. కాసేపు ఆలోచించి, కాటా బొమ్మ చూపించింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము అని చెప్పింది.

"సార్, కారు తీయండి, మొదటి బండి ఎక్కాలి."

ఓనరు వెళ్లి బ్యాటరీ లేని ఉత్త తాళంతో తలుపు తెరిచాడు. అంతే, దొంగ పడ్డాడనుకుని కారు ఊరంతా వినబడేలా అరుపు లంకించుకుంది. ఆయన దాని చుట్టూ తిరిగాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు బానెట్‌ను రెండు చేతులా నొక్కాడు. "కూర్చుని స్టార్ట్ చేయండి సార్!" అని మీసాలాయన కేకేసేదాకా ఆ బాగోతం సాగింది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

బారు సగానికి తగ్గాక మెకానిక్కు వచ్చాడు. కంప్యూటరు లోపలికి తొంగిచూసి, "ఎవరు చేశారక్కా? శుభ్రంగా ఉందే!" అన్నాడు. ఆవిడ జవాబు చెప్పేలోపే ఓనరు అతని చేతిలోని బ్యాటరీ లాక్కుని తన తాళంలో పెట్టేసుకున్నాడు.

"కొత్త కంప్యూటరు కొంటారా సార్?" అని మెకానిక్కు ఆశగా అడిగాడు.

"ఎందుకయ్యా? ఈవిడుందిగా" అన్నాడు ఓనరు.

అది పొగడ్తో పిసినారితనమో ఆవిడకు తేలలేదు. ఏదైతేనేం, మనసులో పెట్టుకున్న బరువు మాత్రం దిగింది.

ఇంటికెళ్లి జరిగిందంతా మొగుడికీ, అత్తగారికీ నటించి మరీ చూపించింది. అత్తగారు విన్నంతసేపు విని, లోపలికెళ్లి ఎప్పట్నుంచో మెడ తిప్పని టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి కోడలి ముందు పెట్టింది.

"దీని సంగతి కూడా చూడవే."

ఆవిడ కొంగు బిగించింది. విప్పింది, ఊడ్చింది, నూనె చుక్క వేసి బిగించింది. ఫ్యాను దర్జాగా అటూ ఇటూ మెడ తిప్పసాగింది. అత్తగారు మురిసిపోయి, అంతలోనే నేలమీదున్న స్క్రూ తీసి చూపించింది.

"మరి ఇదెక్కడిదే?"

"అది కంపెనీవాళ్లు ఎక్కువ వేశారత్తయ్యా" అంది కాటా అక్క, తడుముకోకుండా.